తాతయ్య గారి ఫిడేలు పైపలక తీసిన అనుభవం

మా తాతయ్య గారి ఫిడేలు పైపలక మీద, సన్న తీగ వైపు ఉన్న ఎఫ్ రంధ్రం (ఇంగ్లీషు f అక్షరం ఆకారంలో కోసిన రంధ్రం) కింది కొస నుంచి అంచు వరకు, వెంట్రుకంత సన్నని గీత ఒకటి మూడేళ్ళ కిందటి ఏప్రిల్ నెలలో నా కంటబడింది. అంతకు కొన్ని వారాల ముందు నుంచే, లావు తీగ మీద మంద్ర షడ్జం నిలిపి వాయించినప్పుడల్లా, డబ్బాలో చిక్కుకున్న కందిరీగ చేసే చప్పుడు వంటిది లోపలి నుంచి వినిపిస్తూ ఉండేది. తీగ పాతబడిందేమోనని మార్చాను. గడ్డం ఆన్చే చెక్క మర వదులైందేమోనని బిగించాను. చప్పుడు పోలేదు. గీత కనబడిన తరువాత మాత్రం, ఇది ఇంట్లో కూర్చుని సరిచేసుకునే పని కాదని అర్థమై, హైదరాబాదులో నలభై ఏళ్ళుగా తీగ వాద్యాలు బాగుచేస్తున్న ఒక మేస్త్రి గారి దగ్గరకు పెట్టెతో సహా తీసుకువెళ్ళాను.

ఆయన ముందు కమాను అడగలేదు, వాయించి చూపమనలేదు. ఫిడేలును ఒళ్ళో పెట్టుకుని, వేలి కణుపుతో అంచు చుట్టూ అంగుళం అంగుళం చొప్పున తట్టుకుంటూ పోయారు. జిగురు గట్టిగా ఉన్న చోట చెక్క బిగువుగా పలుకుతుంది. అతుకు విడిన చోట రెండు పలుచని చెక్కలు ఒకదానికొకటి తగిలినట్టు బోలుగా గలగలమంటుంది. తరువాత పళ్ళ డాక్టర్లు వాడే చిన్న అద్దాన్ని ఒక ఎఫ్ రంధ్రంలోంచి, సన్నని వైరుకు కట్టిన చిన్న బల్బును రెండో దానిలోంచి లోపలికి పంపి, చాలాసేపు చూసి, నన్నూ చూడమన్నారు. పైపలక లోపలి వైపున, లావు తీగ కిందుగా పొడవునా అంటించి ఉండే బాస్ బార్ అనే కర్ర, కింది చివర సుమారు రెండు అంగుళాల మేర పలకను వదిలేసింది. కందిరీగ చప్పుడు దానిది. మెడకు ఎదురు కొసన, అడుగు అంచు దగ్గర అతుకు లోపలి నుంచి తెల్లగా, పాలమీగడ గడ్డకట్టినట్టు ఒక జిగురు పొంగి ఎండి ఉంది. ఆయన ముఖం మారింది ఆ తెలుపును చూసినప్పుడే.

"ఈ పని పైపలక తీయకుండా కాదమ్మా. తీయడం కూడా అంత సులువుగా ఉండదు, ఎవరో ఫెవికాల్ లాంటి జిగురు పెట్టారు" అన్నారు.

ఆ మాట ఎంత పెద్దదో తెలియాలంటే ఫిడేలును ఎలా అతుకుతారో చెప్పాలి. పైపలకను స్ప్రూస్ అనే మెత్తని, నిలువు గీతల చెక్కతో సుమారు 3 మిల్లీమీటర్ల మందాన తొలుస్తారు. అడుగుపలక, పక్క పట్టీలు మేపుల్ చెక్కవి. పక్క పట్టీలు సుమారు ఒక మిల్లీమీటరు మందమే ఉంటాయి. ఆ పలుచని పట్టీ అంచుకు లోపలి వైపున ఒక సన్నని బద్దను అంటించి, ఆ రెండింటి మందం మీద పైపలకను కూర్చోబెడతారు. అంటే ఇంత పెద్ద పలకనూ పట్టి ఉంచేది మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పున్న జిగురు గీత మాత్రమే. ఆ జిగురు పశువుల చర్మాన్ని ఉడికించి తీసేది. మా వైపు వడ్రంగులు సరేసు అంటారు. దానిని నీళ్ళలో నానబెట్టి, సుమారు 60 డిగ్రీల వేడిలో కరిగించి, వేడి మీదనే పూస్తారు. అడుగుపలకకు చిక్కగానే పూసే మంచి పనివాడు పైపలకకు వచ్చేసరికి నీళ్ళు కలిపి పలుచన చేస్తాడు. ఎప్పటికైనా ఎవరో ఒకరు ఆ పలకను తీయవలసి వస్తుందని అతనికి తెలుసు. ఎండిన సరేసు గాజులా పెళుసుగా ఉంటుంది. సన్నని కత్తి సందులోకి వెళితే చెక్కను పట్టుకుని లాగకుండా తానే చిట్లిపోతుంది. వేడికి, తేమకు కరిగి మళ్ళీ అంటుకుంటుంది కూడా.

స్ప్రూస్ చెక్క తేమకు ఉబ్బుతుంది, పొడికి కుంచించుకుపోతుంది. ఆ మార్పు పొడవులో దాదాపు ఉండదు, అడ్డంగానే ఉంటుంది. విజయనగరం గాలిలో దశాబ్దాలు గడిపిన ఈ ఫిడేలును నేను హైదరాబాదు తెచ్చుకున్నాను. ఇక్కడి వేసవి మధ్యాహ్నాల పొడి గాలికి పైపలక అడ్డంగా ముడుచుకోవడానికి ప్రయత్నించి ఉంటుంది. అంచున సరేసు ఉండి ఉంటే ఆ బిగువుకు అతుకు ఒక చోట విడిపోయేది, ప్రమాదం అంతటితో తీరేది. తెల్ల జిగురు విడిపోలేదు. అతుకు విడవనప్పుడు విడవగలిగినది చెక్క ఒక్కటే కనుక, పగులు అక్కడే, ఆ జిగురు పెట్టిన అడుగు అంచు దగ్గరే మొదలై ఎఫ్ రంధ్రం దాకా పాకింది. ఎప్పుడో అడుగు అతుకు విడితే, గట్టిగా ఉండాలన్న మంచి ఉద్దేశంతోనే ఆ పని చేసి ఉంటారు. అయినా, ఈ ముక్క చదివేవారిలో ఫిడేలు ఉన్నవారు ఎవరైనా ఉంటే, విడిన అతుకును ఇంట్లో ఉన్న ఏ జిగురుతోనూ అంటించవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

తీసేటప్పుడు పక్కన ఉండనిస్తారా అని మేస్త్రి గారిని అడిగాను. ఉండటమే కాదు, కత్తి పట్టుకోవచ్చు, కానీ ముందు వేరే ఫిడేలు మీద చేయి అలవాటు చేసుకోవాలి అన్నారు. ఆయన దుకాణం అటక మీద మెడ విరిగిన పాత చవక ఫిడేళ్ళు కొన్ని ఉన్నాయి. వాటిలో రెండింటి మీద నాకు వారం రోజులు పాఠం జరిగింది. మొదటిదాని మీద నేను కత్తిని కొద్దిగా, కంటికి కనిపించనంత కొద్దిగా, పైపలక వైపు వంచి తోశాను. కత్తి జిగురు గీతను వదిలి స్ప్రూస్ పొరల్లోకి వెళ్ళింది. వెళుతున్న సంగతి చేతికి తెలియలేదు, ఎందుకంటే జిగురులో కంటే మెత్తని చెక్కలోనే కత్తి సులువుగా నడుస్తుంది. వేలెడంత పొడవున అంచు చీలి పైకి లేచింది. సులువుగా వెళుతున్నప్పుడే ఆగాలని ఆయన అప్పుడు చెప్పిన మాట చివరిదాకా నన్ను కాపాడింది.

కత్తులు రెండు. ఒకటి పాత బల్లకత్తిని అరగదీసి చేసుకున్నది, పలుచగా, విల్లులా వంగేది. రెండోది కొంచెం మందంగా, బలంగా ఉండేది. రెండింటికీ పదును లేదు. కొసలు గుండ్రంగా తీసి, అంచులు మొద్దుగా ఉంచి, రెండు వైపులా అద్దంలా మెరుగుపెట్టారు. పదునైన కత్తి చెక్కను కోస్తుంది. మనకు కావలసింది కోత కాదు, రెండు చెక్కల మధ్య సన్నని చీలలా దూరి జిగురును పగలగొట్టే మందం.

పనికి ఫిబ్రవరి నెలను ఎంచుకున్నారు. వానాకాలపు తేమకు సరేసు రబ్బరులా సాగుతుంది, చిట్లదు. మండువేసవిలో చెక్క బిగుసుకుని ఉండి, కత్తి తగలగానే మరో చోట పగులు పుట్టే భయం ఉంటుంది. అప్పటిదాకా తీగలు వదులు చేసిన ఫిడేలు వారి బీరువాలోనే ఉంది. అతుకు మీద స్పిరిట్ చుక్కలు వేస్తే అది సరేసులోని తేమను లాగి త్వరగా పెళుసు చేస్తుందని నేను విని ఉండి అడిగాను. ఆయన దూదిపుల్లను స్పిరిట్‌లో ముంచి, మెడ పక్కన కనబడని మూల ఒక్కసారి తాకించి చూపించారు. దూదికి ఎర్రని రంగు అంటింది. వార్నిష్ స్పిరిట్‌లో కరిగేదే. ఆ సీసా మళ్ళీ మూత తీయలేదు.

విప్పే ముందు రోజంతా కొలతలకే సరిపోయింది. తీగలను మోసే బ్రిడ్జి పాదాలు నిలిచే చోటు, లోపల సౌండ్ పోస్టు అనే కర్ర నిలబడిన చోటు రాసుకున్నాము. పైపలక అంచు పక్క పట్టీని దాటి ఎంత బయటికి వస్తుందో పదహారు చోట్ల కొలిచాము. చాలా చోట్ల అది రెండున్నర మిల్లీమీటర్లు, మెడకు కుడివైపున మాత్రం ఒకటిన్నరే. తిరిగి మూసేటప్పుడు పలక తన పాత చోటనే కూర్చోవడానికి ఈ లెక్కలు తప్ప వేరే ఆధారం ఉండదు. తరువాత తీగలు, బ్రిడ్జి, తీగల కింది కొసలను పట్టి ఉంచే టెయిల్‌పీసు తీసి, సౌండ్ పోస్టును వంపు ఉన్న ఇనుప కడ్డీతో పక్కకు తట్టి ఎఫ్ రంధ్రంలోంచి బయటికి తెచ్చారు. అది జిగురు లేకుండా రెండు పలకల మధ్య బిగువు మీదనే నిలబడే కర్ర. దానిని లోపల ఉంచి పైపలకను లేపితే అదే గుచ్చుకుని పగులు తెస్తుంది. అడుగు అంచున టెయిల్‌పీసు తాడు ఆనే చిన్న నల్ల చెక్కను కూడా తీశారు.

మొదటి చొరబాటు ఎక్కడ అన్నది ఆ తట్టుడులోనే తేలి ఉంది. లావు తీగ వైపు కింది గుండ్రపు భాగంలో నాలుగు అంగుళాల మేర అతుకు ముందే విడి ఉంది. పలుచని కత్తిని అక్కడ పెట్టి, దాని చదునును పక్క పట్టీ అంచుకు ఆనించి, తోయకుండా చేతి బరువు మాత్రం దాని మీద ఉంచమన్నారు. కొన్ని క్షణాలకు చిటుక్కుమని ఒక పొడి శబ్దం వచ్చి, కత్తి అరంగుళం ముందుకు జరిగింది.

ఆ శబ్దం గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే తరువాత రెండు రోజులు నేను పనిచేసింది కళ్ళతో కంటే చెవులతోనే. జిగురు పగిలితే చిటుక్కుమంటుంది. పొట్టిగా, పొడిగా, కాల్చిన అప్పడం కొస విరిచినట్టు ఉంటుంది. చెక్క నారలు తెగితే ఆ శబ్దం సాగుతుంది. పాత గుడ్డను మెల్లగా చింపినట్టు చర్ మంటుంది. మొదటిది వింటే ముందుకు పోవాలి. రెండోది వినగానే, నార ఎంత తెగిందో చూడాలన్న ఆత్రాన్ని కూడా అణుచుకుని, కత్తిని వచ్చిన దారినే వెనక్కి తీసి, ఆ చోటును వదిలి అవతలి వైపు నుంచి రావాలి. చెక్కలో నారలు అంచుకు సరిగ్గా సమాంతరంగా ఉండవు, ఒక వైపుకు కొద్దిగా దిగుతూ ఉంటాయి. దిగే దిక్కుగా పోతే కత్తి లోతుకు జారుతుంది, ఎదురు దిక్కు నుంచి వస్తే అదే చోట జిగురు శుభ్రంగా విడిపోతుంది. ఇరవై ఐదేళ్ళుగా శ్రుతి చూసుకున్న చెవి నాకు ఇక్కడ ఇంత అక్కరకు వస్తుందని అనుకోలేదు.

లావు తీగ వైపు నడుము వంపు దాకా గంటలో వచ్చాము. మూలల దగ్గర మేస్త్రి గారు కత్తి తాను తీసుకున్నారు. ఈ ఫిడేలు లోపల స్ట్రాడివేరియస్ పేరు అచ్చువేసిన లేబులు, దాని అడుగున జర్మనీలో తయారైనట్టు ఒక మాట ఉన్నాయి. ఇటలీలోని క్రెమోనాలో పనిచేసిన అసలు స్ట్రాడివేరి 1737లో చనిపోయారు. ఇటువంటి లేబుళ్ళతో జర్మనీ సాక్సనీ ప్రాంతంలోని మార్క్‌న్యూకిర్షెన్ చుట్టుపక్కల ఇళ్ళలో, పనిశాలల్లో వేల ఫిడేళ్ళు తయారై ప్రపంచమంతటికీ వెళ్ళాయి, మన సంగీత కుటుంబాల్లోనూ ఎన్నో ఉన్నాయి. తాతయ్య గారి పెట్టె ఆ వరుసలోదే, దాని నాదం మీద నాకున్న గౌరవం అందువల్ల తగ్గదు. వాటిలో చాలా వాటికి మూలల్లో పక్క పట్టీల వెనుక ఉండవలసిన దిమ్మలు ఉండవు. మా దానిలో పై మూలలు రెండూ బోలు అని అద్దంలో ముందే చూశాము కనుక, అక్కడ కత్తిని అడ్డంగా తిప్పితే వెనుక ఆధారం లేని పట్టీ విరిగిపోతుందని తెలిసి ఉంది. ఆయన ఎడమ చేతి బొటనవేలితో పట్టీని బయటి నుంచి అదిమి పట్టి, కుడి చేతితో కత్తిని గోరు వెడల్పు కంటే ఎక్కువ లోపలికి పోనీయకుండా మూలను దాటించారు.

తెల్ల జిగురు ఉన్నది అడుగు అంచున, అక్కడ లోపల ఉండే చెక్క దిమ్మకు అటూ ఇటూ కలిపి సుమారు నాలుగు అంగుళాలు. అక్కడ చిటుకు లేదు, చర్ లేదు; కత్తి మెత్తగా ఆగిపోతుంది, అంతే. ఆ జాతి జిగురు పెళుసుబారదు, వేడికి మెత్తబడుతుంది. మందపు కత్తిని వేడినీళ్ళలో ఉంచి, తీసి, పొడి గుడ్డతో పూర్తిగా తుడిచి, సందులో పెట్టి పది లెక్కపెట్టేలోగా ఒక బియ్యపు గింజంత దూరం జరిపి, వార్నిష్ వేడెక్కకముందే బయటికి తీసేవాళ్ళము. మళ్ళీ వేడినీళ్ళు, మళ్ళీ గుడ్డ. ఆ నాలుగు అంగుళాలకు మూడున్నర గంటలు పట్టింది. మధ్యలో ఒకచోట నా చెయ్యి అలసి కత్తి కొస పైకి లేచింది. ఆ చర్ శబ్దం విన్నాను. చూస్తే సెంటీమీటరు పొడవున గడ్డిపోచంత చీలిక పైపలక నుంచి విడి పక్క పట్టీ మీదనే అంటుకుని ఉండిపోయింది. నాకు కన్నీళ్ళు వచ్చాయి. మేస్త్రి గారు పట్టకారుతో ఆ పోచను తీసి, కాగితంలో మడిచి, దాని మీద ఏ చోటిదో పెన్సిలుతో రాసి, "పోలేదు కదమ్మా, ఇక్కడే ఉంది. పారేస్తేనే పోయినట్టు" అని, టీ తాగి రమ్మన్నారు.

అడుగు దిమ్మ మరో సమస్య. అక్కడ పైపలక పట్టీ అంచు మీద కాక వెడల్పాటి దిమ్మ మీద అంటుకుని ఉంటుంది. పలక రెండు సగాలుగా అతికినది కనుక ఆ మధ్య అతుకు కూడా అక్కడే దిమ్మను తాకుతుంది. ఒకే వైపు నుంచి గట్టిగా తోస్తే దిమ్మ వదలకముందే పలక నడిమికి విచ్చుకోవచ్చు. కుడి నుంచి కొంత, ఎడమ నుంచి కొంత, కత్తి చదును ఎప్పుడూ దిమ్మ వైపే ఒరిగి ఉండేలా వచ్చాము. చీలిక తప్పకపోతే అది దిమ్మ చెక్కలోంచి రావాలి గాని పైపలకలోంచి రాకూడదు అన్నది ఆ వాలు ఉద్దేశం. దిమ్మ మధ్యలో కత్తి ఒక గట్టి దానికి తగిలి ఆగింది. తయారుచేసినప్పుడు పలక జరగకుండా కొట్టిన చిన్న కర్ర మేకు అది. బయటి నుంచి చూస్తే అంచు గీత పక్కన ఆవగింజంత చుక్కలా కనబడుతుంది. దాని చుట్టూ తిరిగి వచ్చాము.

రెండో రోజు మిగిలినది మెడ దగ్గరి దిమ్మ. ఫిడేలు మెడ పైపలక అంచును కోసి అందులో దిగి కూర్చుంటుంది, పైన నల్లని వేలి పలక కప్పి ఉంటుంది, కనుక కత్తికి దారి అటూ ఇటూ పక్కల నుంచే. గమకం జారడానికి తాతయ్య గారు వేళ్ళకు కొబ్బరినూనె రాసుకునేవారు. ఎన్నో ఏళ్ళ ఆ నూనె మెడ మొదట్లో చెక్కలోకి ఇంకి నల్లబడి ఉంది. అక్కడ జిగురు సగం తనంత తానే వదిలేసి ఉండటం ఆ ఒక్క క్షణానికి మాకు మేలయింది, మూసేటప్పుడు మాత్రం అదే నూనెను శుభ్రం చేయడానికి ఒక పూట పట్టింది. అప్పటికి పలక అంతా విడి ఉన్నా, కింది కొస పట్టుకుని పైకి లేపడానికి ఆయన ఒప్పుకోలేదు. మూడు మిల్లీమీటర్ల చెక్కను మీటలా లేపితే ఎఫ్ రంధ్రాల దగ్గర విరుగుతుంది. రెండు కత్తులూ రెండు వైపుల నుంచి దిమ్మ మీదికి పంపి, ఒకదానికొకటి ఎదురుగా కొద్ది కొద్దిగా నడిపాము. చివరి చిటుకు చాలా చిన్నది. పలక కొంచెం ఊపిరి పీల్చినట్టు పైకి లేచి, దానంతట అదే నిలిచింది.

లోపల బూడిద రంగు దుమ్ము ఉండలు, కమానుకు రాసే రోజనం పొడి, ఏడెనిమిది బియ్యపు గింజలు ఉన్నాయి. ఫిడేలు లోపలి దుమ్ము తీయడానికి ఎఫ్ రంధ్రంలోంచి గుప్పెడు బియ్యం పోసి, అటూ ఇటూ ఆడించి వంచేయడం తాతయ్య గారి పద్ధతి. నా చిన్నప్పుడు ఆ బియ్యాన్ని పళ్ళెంలో పట్టే పని నాది. ఎండి పసుపు రంగుకు వచ్చిన ఆ గింజలను కాగితంలో పొట్లం కట్టుకున్నాను.

తరువాతి మరమ్మతు చాలావరకు మేస్త్రి గారి చేతి మీద జరిగింది. పైపలక లేని పక్క పట్టీలు వంకర తిరగకుండా వాటిని చెక్క చట్రంలో బిగించారు. పగులును గోరువెచ్చని నీటి తడితో శుభ్రం చేసి, సరేసుతో మూసి, లోపలి వైపున నారలకు అడ్డంగా చిన్న స్ప్రూస్ బిళ్ళలు ఐదు అంటించారు. బాస్ బార్‌ను పూర్తిగా తీసి, పలక లోపలి వంపుకు సుద్ద రాసి సరిచూసుకుంటూ కొత్తది అమర్చారు. నా చేతి పొరపాటుతో లేచిన పోచ తన చోటికి చేరింది. ఇప్పుడు వెతికినా కనబడదు. తెల్ల జిగురును వేడి తడి గుడ్డతో మెత్తబరిచి, గీకి, ఆనవాలు లేకుండా తీయడం మాత్రం నేనే చేశాను. పదకొండో రోజున, పలుచన చేసిన సరేసు పూసి, ముప్పై రెండు చిన్న మర బిగింపులు అంచు చుట్టూ పెట్టి, పాత లెక్కలు చూసుకుంటూ మూశాము. మెడ కుడివైపు ఒకటిన్నర మిల్లీమీటరు ఒకటిన్నరగానే వచ్చింది.

సౌండ్ పోస్టు నిలిపి, తీగలు ఎక్కించి, నాలుగు రోజులు బిగువుకు అలవాటు పడనిచ్చి మంద్ర షడ్జం తీసినప్పుడు కందిరీగ లేదు. నాదం మునుపటి కంటే కొంచెం ముడుచుకున్నట్టు అనిపించి దిగులు పడ్డాను. కొత్త బాస్ బార్‌కు సమయం కావాలన్నారు. దసరా నాటికి అది విచ్చుకుంది.

మరుసటి ఏడాది ఏప్రిల్ చివరి వారంలో, సాధన మొదలుపెట్టే ముందు అలవాటు ప్రకారం వేలి కణుపుతో అంచు తడుతూ పోతుంటే, అడుగున కుడివైపు ఒక చోట బోలుగా గలగలమంది. దీపం కింద చూస్తే అంగుళం మేర అతుకు విడి, సందులో కాగితం పట్టేంత ఖాళీ ఉంది. పైపలక మీద ఎక్కడా గీత లేదు. వెలుతురు వాలుగా పడేలా తిప్పి రెండుసార్లు చూశాను. మేస్త్రి గారికి ఫోన్ చేసి చెబితే ఆయన గొంతులో సంతోషం స్పష్టంగా వినిపించింది. ఆ సాయంత్రం దుకాణంలో వేడి సరేసును కత్తి కొసతో సందులోకి పంపి, రెండు బిగింపులు పెట్టి, పది నిమిషాల్లో పని ముగించి, మర్నాడు వచ్చి తీసుకువెళ్ళమన్నారు.